బైపోలార్ ఉన్న మా అమ్మాయి కోసం స్కూల్లో ఏమేం అడగొచ్చు? (9వ తరగతి, సీబీఎస్‌ఈ)

కూకట్‌పల్లి అమ్మ:

నమస్తే అండీ. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, సీబీఎస్‌ఈ. దసరాకి ముందు నిద్ర బాగా తగ్గిపోయింది. అర్ధరాత్రి లేచి అల్మారాలు సర్దడం, ఆగకుండా మాట్లాడటం, స్కూల్లో ఉన్న పోటీలన్నిటికీ పేరిచ్చేయడం. వద్దంటే విపరీతమైన కోపం. చివరికి రాత్రంతా కన్ను మూయని పరిస్థితి వచ్చాక హాస్పిటల్లో చేర్చాం. బైపోలార్ డిజార్డర్ అన్నారు, అంటే కొన్నాళ్లు విపరీతమైన ఉద్రేకం, కొన్నాళ్లు దిగులు వచ్చే జబ్బట. ఇప్పుడు లిథియం (మూడ్‌ని నిలకడగా ఉంచే మందు), రాత్రిపూట క్వెటియాపిన్ వాడుతోంది. మందులు పనిచేస్తున్నాయి. మా పిల్ల మళ్లీ మా పిల్లలా మాట్లాడుతోంది. దీపావళి తర్వాత స్కూలుకి పంపడం మొదలుపెట్టాం.

ఇంట్లో గండం గడిచింది అనుకుంటే స్కూల్లో మొదలైంది. ఏడుంపావుకే బస్సు. రాత్రి మాత్ర మత్తు తొమ్మిదిన్నర దాకా వదలదు. మొదటి పీరియడ్‌లో బెంచీ మీద తల వాల్చేస్తోందని డైరీలో ఎర్ర ఇంకుతో రాసి పంపుతున్నారు. లిథియం వల్ల దాహం ఎక్కువ, మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్లాలి. ఇంటర్వెల్‌లో తప్ప పంపం అంటున్నారు. దాంతో పిల్ల నీళ్లు తాగడమే మానేసింది. నిండుగా తీసుకెళ్లిన బాటిల్ నిండుగానే తిరిగొస్తోంది. నాకు అన్నిటికంటే ఇదే భయంగా ఉంది.

చేతులు కొంచెం వణుకుతాయి. నిన్న సైన్స్ నోట్సు చూశాను. మొక్క కణం బొమ్మ గీసింది. బయటి గోడ గీత తిన్నగా రాక చెరిపి చెరిపి అక్కడ కాగితం పల్చబడి చిల్లు పడింది. ఆ చిల్లు పక్కనే 'నీట్‌గా గీయాలి' అని టీచర్ రిమార్కు. ఇదే పిల్ల పోయినేడాది డ్రాయింగ్‌లో ప్రైజు తెచ్చుకుంది.

తను రాయలేకపోయిన పీరియాడిక్ టెస్టు మళ్లీ పెట్టమంటే రూల్స్ ఒప్పుకోవన్నారు. వైస్ ప్రిన్సిపల్ మేడమ్ మెత్తగానే, 'ఓపెన్ స్కూల్లో వేసేయండి, పాపకి టెన్షన్ ఉండదు' అన్నారు. ఆ మాట విని పాప ఇంటికొచ్చి అన్నం తినలేదు. తనకి ఆ స్కూలే కావాలి, ఆ ఫ్రెండ్సే కావాలి.

మావారు డిజేబిలిటీ సర్టిఫికెట్ల జోలికి వద్దంటున్నారు. రేపు ఉద్యోగం, పెళ్లి అన్నప్పుడు అడ్డొస్తుందని ఆయన భయం. పాపేమో 'టీచర్లకి చెప్పు గానీ జబ్బు పేరు చెప్పకు' అంటోంది.

స్కూలుని ఏమేం అడగొచ్చు? అవి మన హక్కా, లేక వాళ్లు దయతలిస్తే చేసేవా? సర్టిఫికెట్ లేకుండా కుదురుతుందా? ఈ దారిలో నడిచినవాళ్లు చెప్పండి, ప్లీజ్.


బెజవాడ అమ్మ:

అమ్మా, మా అబ్బాయికి పదో తరగతిలో వచ్చింది ఇది. ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. మందులు వాడుతూనే ఉన్నాడు, బాగున్నాడు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, మీరున్న దశలో నాకు ఇలా చెప్పేవాళ్లు ఎవరూ దొరకలేదు.

నీళ్ల సంగతి మిగతావాటితో కలిపి అడగొద్దు. రేపు పొద్దున్నే వెళ్లి అదొక్కటీ అడిగి సాధించుకోండి. లిథియం వాడే పిల్ల నీళ్లు మానేస్తే ఒంట్లో నీరు తగ్గి, రక్తంలో మందు లెవెల్ పెరుగుతుంది. అది ప్రమాదం. వాంతులు, విరేచనాలు, చేతులు మరీ ఎక్కువగా వణకడం, తూలుతూ నడవడం, మాట ముద్దగా రావడం, వీటిలో ఏది కనిపించినా స్కూలు వాళ్లు సాయంత్రం బస్సు దాకా ఆగకూడదు. వెంటనే మీకు ఫోన్ చేయాలి, మీరు నేరుగా హాస్పిటల్‌కి తీసుకెళ్లాలి. సిక్ రూమ్‌లో మాత్రల గురించి కూడా చెప్పండి. ఆడపిల్లలకి నెలసరి నొప్పంటే మెఫ్తాల్ ఇచ్చేస్తారు, ఒళ్లు నొప్పులంటే ఐబుప్రోఫెన్ ఇస్తారు. ఆ జాతి మందులు లిథియంని బయటికి పోనీయకుండా చేసి లెవెల్ పెంచుతాయి. మిమ్మల్ని అడగకుండా ఏ మాత్రా ఇవ్వొద్దని రాసివ్వండి. నొప్పికి ఏది వాడొచ్చో డాక్టర్‌ని అడిగి అదే కాగితంలో చేర్చండి.

ఇక మిగతావి. స్కూల్లో 'మా పాపకి ఆరోగ్యం బాగాలేదు, కాస్త చూసుకోండి' అని చెప్తే ఎవరూ ఏమీ చేయరు. చెడ్డవాళ్లని కాదు, ఏం చేయాలో వాళ్లకి తెలియదు. ఏ రోజు ఏం కనిపిస్తుంది, అప్పుడు ఎవరు ఏం చేయాలి అన్నది ఒక్క పేజీలో రాసి వాళ్ల చేత ఒప్పించుకోవాలి. అదీ పిల్ల బాగున్నప్పుడే. పడిపోయాక పరిగెత్తితే స్కూలు వాళ్లూ కంగారుపడతారు, మనమూ కంగారుపడతాం. మీకు ఇప్పుడే సరైన సమయం.

మీ పాప చెప్పింది చాలా న్యాయమైన మాట. జబ్బు పేరు అందరికీ తెలియాల్సిన పని లేదు. మా డాక్టర్ గారిని అడిగి రెండు ఉత్తరాలు రాయించుకున్నాం. జబ్బు పేరున్న ఉత్తరం ప్రిన్సిపల్ దగ్గర కవర్లో ఉండిపోయింది. టీచర్లకి ఇచ్చినదాంట్లో పేరు లేదు, పనులే ఉన్నాయి. దాదాపు ఇలా ఉండేది: 'ఈ విద్యార్థి దీర్ఘకాలం మందులు వాడవలసిన ఆరోగ్య సమస్యకి చికిత్స పొందుతున్నాడు. మందుల వల్ల ఉదయం మగతగా ఉంటాడు, దాహం ఎక్కువ, చేతులు వణుకుతాయి, రాత వేగం తగ్గుతుంది. నీళ్లకీ బాత్రూమ్‌కీ అడగకుండా వెళ్లనివ్వండి. మొదటి పీరియడ్‌లో నిలబెట్టి ప్రశ్నలు వేయొద్దు. రాతపనికి అదనపు సమయం ఇవ్వండి. బోర్డు మీద నోట్సు ఫొటో తీసుకోనివ్వండి. పరీక్ష తప్పితే వారంలోపు మళ్లీ పెట్టండి. నిద్ర చెడితే ఆరోగ్యం తిరగబెట్టే అవకాశం ఉంది, కనుక రాత్రిపూట రిహార్సల్స్‌కీ, రాత్రి ప్రయాణం ఉన్న టూర్లకీ మినహాయింపు ఇవ్వండి.' అంతే. డాక్టర్లకి ఇలా రాయడం అలవాటు ఉండదు, మామూలుగా రోగం పేరు రాసి 'అండర్ ట్రీట్‌మెంట్' అని సంతకం పెట్టేస్తారు. మీరే చిత్తుప్రతి రాసి తీసుకెళ్లండి. మీ అనుమతి లేకుండా జబ్బు వివరాలు డాక్టర్ స్కూలుకి చెప్పకూడదు కూడా. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో 23వ సెక్షన్ గోప్యత హక్కు ఇచ్చింది.

నిద్ర విషయం మన దగ్గర ఎవరూ పట్టించుకోరు గానీ, బైపోలార్ ఉన్న పిల్లలకి అదే పెద్ద మందు. ఒకట్రెండు రాత్రులు నిద్ర తప్పితే చాలు, ఉద్రేకం మొదలైపోవచ్చు. పరీక్షల ముందు రాత్రంతా మేలుకోవడం, పొద్దున నాలుగింటికి లేపి చదివించడం మన ఇళ్లలో గొప్పగా చెప్పుకుంటాం. మా ఇంట్లో అది పూర్తిగా ఆపేశాం. మా స్కూల్లో పదో తరగతి పిల్లలకి పొద్దున ఆరింటికి స్టడీ అవర్ ఉండేది, దానికి రాడని రాసిచ్చేశాం. మొదట్లో గొణిగారు. తర్వాత అలవాటుపడ్డారు.

జబ్బు రెండు వైపులా ఉంటుంది కాబట్టి కాగితం కూడా రెండు వైపులా ఉండాలి. పిల్ల దిగులులో ఉన్నప్పుడు మాట్లాడదు, హోంవర్క్ చేయదు, అప్పుడు పని తగ్గించాలి, తరగతిలోంచి లేచి కౌన్సిలర్ దగ్గరికో తనకి ఇష్టమైన టీచర్ దగ్గరికో వెళ్లే వీలుండాలి. 'చచ్చిపోవాలనుంది' లాంటి మాట ఎప్పుడైనా అంటే ఒంటరిగా వదలకూడదు, ఆ క్షణమే మీకు కబురు రావాలి. ఉద్రేకం మొదలైతే గడగడా మాట్లాడుతుంది, ఎదురు చెప్తుంది, నవ్వుతుంది. అప్పుడు తరగతి ముందు గద్దించకూడదు. నెమ్మదిగా బయటికి తీసుకెళ్లి ఇంటికి ఫోన్ చేయాలి. మీకు అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ 14416 అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

హక్కా అని అడిగారు. హక్కే. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో పేర్కొన్న 21 రకాల్లో మానసిక అనారోగ్యం ఉంది, ఆ నిర్వచనంలో 'మూడ్' అన్న మాట స్పష్టంగా ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూళ్లు, ప్రైవేటువైనా సరే, పిల్లవాడి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాట్లు చేయాలని 16వ సెక్షన్, పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్ (పిల్ల చెప్తుంటే రాసిపెట్టే మనిషి), రెండో మూడో భాషల మినహాయింపు లాంటివి 17వ సెక్షన్ చెప్తున్నాయి. అయితే మొదటి మీటింగులోనే సెక్షన్లు చదవొద్దు. బ్యాగులో ఉంచుకోండి, అవసరమైతే తీయండి.


ఓరుగల్లు నాన్న:

నేను కొంచెం వేరేగా చెప్తాను, ఏమీ అనుకోకండి. మేం మా అబ్బాయి విషయం స్కూల్లో పూర్తిగా చెప్పినం. జబ్బు పేరు, మందుల పేర్లు, అన్నీ. స్టాఫ్ రూమ్ నుంచి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపు దాకా పోయింది. ఏడాది చివర టీసీ తీసుకోండని మర్యాదగానే చెప్పిన్రు. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా విద్యాహక్కు చట్టం ప్రకారం పిల్లల్ని స్కూల్లోంచి తీసేయరాదు. మా వాడు అప్పటికే తొమ్మిదో తరగతి.

దివ్యాంగుల చట్టం కింద రాష్ట్ర కమిషనర్ ఉంటడు, అక్కడ ఫిర్యాదు ఇయ్యొచ్చని తర్వాత తెలిసింది. అప్పటికి వాడే 'ఇక ఆ స్కూలు వద్దు నాన్నా' అన్నడు, ఊకున్నం. ఇప్పుడున్న చిన్న స్కూల్లో సార్లు బాగా చూసుకుంటున్నరు.

అందుకే బెజవాడ అక్క చెప్పిన రెండు ఉత్తరాల పద్ధతి నాకు నచ్చింది. ఇంకోటి, వాళ్లు నోటితో ఏం చెప్పినా సాయంత్రానికి మీరు ఒక మెయిల్ పెట్టండి. 'ఇవాళ మాట్లాడుకున్నవి ఇవి' అని. వాళ్లు జవాబు ఇయ్యకున్నా అది ఉంటది. ఓపెన్ స్కూల్ సంగతి కూడా నోటితోనే అన్నరు కదా, మెయిల్లో అడగండి, ఎందుకు వెళ్లమంటున్నరో రాతపూర్వకంగా చెప్పమని. రాసియ్యరు.


లెక్కల టీచర్, గుంటూరు:

నేను సీబీఎస్‌ఈ స్కూల్లో లెక్కలు చెప్తాను, పరీక్షల పని కూడా నా మీదే ఉంటుంది. టీచర్ల వైపు నుంచి చెప్తాను.

పీరియాడిక్ టెస్టు మళ్లీ పెట్టడానికి రూల్స్ ఒప్పుకోవన్న మాట సరికాదు. ఇంటర్నల్ అసెస్‌మెంట్ 20 మార్కులు పూర్తిగా స్కూలు చేతిలోనివి. మూడు పీరియాడిక్ టెస్టులు పెట్టి, బాగా వచ్చిన రెండింటి సగటు తీసుకోవడం సీబీఎస్‌ఈ చెప్పిన పద్ధతే. అంటే ఒక టెస్టు పోయినా పిల్లకి నష్టం లేకుండా చేసే వీలు పద్ధతిలోనే ఉంది. మీ వైస్ ప్రిన్సిపల్ గారిని కాకుండా ఎగ్జామ్స్ ఇన్‌ఛార్జిని కలిసి ఈ ముక్క అడగండి. వాళ్లకి తెలిసి ఉంటుంది.

హాజరు గురించి ఇప్పుడే జాగ్రత్తపడండి. బోర్డు పరీక్షకి 75 శాతం కావాలి. అనారోగ్యం ఉంటే తగ్గినదానికి మినహాయింపు ఇస్తారు, కానీ కాగితాలు ఉండాలి. సెలవు పెట్టిన వెంటనే లీవ్ లెటర్, మెడికల్ కాగితాలు స్కూలుకి ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి. పదో తరగతి జనవరిలో అన్నీ కలిపి ఒకేసారి ఇస్తామంటే కుదరదు. హాస్పిటల్ డిశ్చార్జి సమ్మరీ జెరాక్సులు తీసి పెట్టుకోండి.

బోర్డు పరీక్షలో అదనపు సమయం, అంటే గంటకి 20 నిమిషాలు, మూడు గంటల పేపరుకి మరో గంట, కావాలంటే ప్రభుత్వ ఆసుపత్రి నుంచి సర్టిఫికెట్ ఉండాలి. పదిలో విద్యార్థుల జాబితా బోర్డుకి పంపేటప్పుడే స్కూలు ఆ వివరం నింపాలి. హాల్ టికెట్ వచ్చాక పరిగెత్తి లాభం లేదు. కాబట్టి సర్టిఫికెట్ విషయం వేసవిలోపే ఇంట్లో తేల్చుకోండి. యూడీఐడీ (దివ్యాంగులకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) పోర్టల్‌లో దరఖాస్తు చేస్తే ప్రభుత్వ ఆసుపత్రిలో చూస్తారు. మానసిక అనారోగ్యాన్ని ఐడియాస్ అనే కొలమానంతో కొలుస్తారు: తన పనులు తను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, చదువు లేదా పని. ఆ రోజు పిల్ల చక్కగా కూర్చుని జవాబులు చెప్తే ఏమీ లేదనుకునే అవకాశం ఉంది, అందుకే జబ్బు ముదిరినప్పటి కాగితాలన్నీ పట్టుకెళ్లాలి. వైకల్యం 40 శాతానికి చేరకపోయినా తలుపులు మూసుకున్నట్టు కాదు. 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, 40 శాతం అన్నది రిజర్వేషన్ లాంటి వాటికి గీసిన గీతే తప్ప, పరీక్షలో స్క్రైబ్ లాంటి సర్దుబాటుకి షరతు కాకూడదని చెప్పింది. మీవారికి ఒక మాట చెప్పండి: ఆ కార్డు మీరు చూపించిన చోటే కనిపిస్తుంది.

ఇంకొక సౌకర్యం చాలామందికి తెలియదు. 2026 నుంచి సీబీఎస్‌ఈ పదికి రెండు పరీక్షలు పెట్టింది. ఫిబ్రవరిది అందరూ రాయాలి, మేలోది మార్కులు పెంచుకోవడానికి, మూడు సబ్జెక్టుల దాకా. ఫిబ్రవరిలో పిల్ల నలతగా ఉండి మార్కులు తగ్గినా మేలో చూసుకోవచ్చు. కానీ ఫిబ్రవరిలో మూడు లేదా అంతకంటే ఎక్కువ పేపర్లకి హాజరే కాకపోతే మేలో రాయనివ్వరు. ఎంత బాగాలేకపోయినా, డాక్టర్ సరే అంటే, వెళ్లి కూర్చోవడం ముఖ్యం. ఇది పాపకి ముందే తెలిస్తే భయం తగ్గుతుంది.

తరగతి గది సంగతి ఒకటి. నా దగ్గర ఇలాంటి పిల్లవాడు ఉండేవాడు. ఒకసారి జవాబు పత్రంలో మొదటి మూడు లెక్కలకి పేజీలకి పేజీలు రాశాడు. మూడు రంగుల పెన్నులతో గీతలు, మార్జిన్‌లో తను సొంతంగా కనిపెట్టిన మరో పద్ధతి, దాని పక్కన బాణాలు. నాలుగో లెక్క నుంచి ఖాళీ. వాడి మామూలు రాత చిన్నగా, పొందికగా ఉంటుంది. ఆ పేపరు మీద సున్నాలు వేసే ముందు వాళ్లమ్మకి ఫోన్ చేశాను. వాడు అప్పటికే సరిగ్గా నిద్రపోవడం లేదట. ఆ వారమే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు, మందు సరిచేశారు, హాస్పిటల్లో చేర్చాల్సిన అవసరం రాలేదు. టీచర్‌కి ముందే తెలిసి ఉంటే ఇంత మేలు జరుగుతుంది. మీ పాప నోట్సు మీద 'నీట్‌గా గీయాలి' అని రాసిన టీచర్‌కి కూడా తెలియకే రాసి ఉంటారు. చెప్పి చూడండి.


న్యూజెర్సీ నాన్న:

మా పాపకి ఇక్కడ హైస్కూల్లో 504 ప్లాన్ ఉంది. 1973 నాటి రీహాబిలిటేషన్ యాక్ట్ (వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఇక్కడి చట్టం)లో 504వ సెక్షన్ పేరు మీద వచ్చింది, పిల్లకి స్కూలు చేయాల్సిన సర్దుబాట్ల కాగితం. స్కూలు, తల్లిదండ్రులు, కౌన్సిలర్ కూర్చుని రాసుకుంటారు, ఏడాదికోసారి మళ్లీ చూస్తారు. మాది ఎలా ఉందో చెప్తే మీ కాగితానికి పనికొస్తుందేమో.

మొదటి పీరియడ్ క్లాసు బదులు స్టడీ హాల్ (పాఠం లేకుండా సొంతంగా చదువుకునే పీరియడ్) ఇచ్చారు, ముఖ్యమైన సబ్జెక్టులన్నీ పది తర్వాతే. తన దగ్గర ఒక కార్డు ఉంటుంది, బల్ల మీద పెట్టి ఏమీ చెప్పకుండా కౌన్సిలర్ గదికి వెళ్లిపోవచ్చు. అందరి ముందు 'నాకు బాగాలేదు' అని చెప్పాల్సిన పని లేదు, తనకి అన్నిటికంటే నచ్చింది ఇదే. టెస్టు వేరే గదిలో, సమయం ఒకటిన్నర రెట్లు. హాస్పిటల్ నుంచి వచ్చాక పేరుకుపోయిన హోంవర్క్ మొత్తం చేయించరు. ఏ చాప్టర్ తెలియకపోతే ముందుకి సాగదో టీచరే చూసి అంతే ఇస్తారు. మన దగ్గర పిల్ల నెల రోజులు రాకపోతే నెల నోట్సూ దించమంటారు కదా. కోలుకునే పిల్ల మీద అది చాలా పెద్ద బరువు. దీన్ని మీరు గట్టిగా అడగండి.

ఇక్కడ కూడా మన తెలుగువాళ్లు చాలామంది స్కూలుకి చెప్పరు. నాకు తెలిసిన రెండు కుటుంబాలు రికార్డులో పడితే కాలేజీ అడ్మిషన్ పోతుందని ప్లాన్ వద్దన్నాయి. పిల్లలు మాత్రం ఏ సాయమూ లేకుండా ఈదుతున్నారు. నాకు బాధగా ఉంటుంది.


కూకట్‌పల్లి అమ్మ:

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. పొద్దున నీళ్ల గురించి మాట్లాడొచ్చాను. క్లాస్ టీచర్ వెంటనే ఒప్పుకున్నారు, ఆవిడకి లిథియం గురించి అసలు తెలియదట, కళ్లు పెద్దవి చేసుకుని విన్నారు. సాయంత్రం బాటిల్ ఖాళీగా వచ్చింది. ఈ జవాబులన్నీ మావారికి చదివి వినిపించాను. సర్టిఫికెట్ గురించి ఇంకా ఏమీ అనలేదు గానీ, సోమవారం ప్రిన్సిపల్ దగ్గరికి తానూ వస్తానన్నారు.

ఒక సందేహం. మీటింగుకి పాపని తీసుకెళ్లాలా? ఫ్రెండ్స్ అడిగితే ఏం చెప్పాలో కూడా తనకి తోచడం లేదు. 'ఇన్ని రోజులు ఎక్కడికెళ్లావ్' అని రోజూ అడుగుతున్నారట. ఇంకోటి, స్కూల్లో కౌన్సిలర్ లేరు. ఉండాలని అడగొచ్చా?


బెజవాడ అమ్మ:

బాటిల్ ఖాళీగా వచ్చిందంటే నాకే ఊపిరి తిరిగినట్టుంది అమ్మా.

కౌన్సిలర్ గురించి తప్పకుండా అడగండి. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న అమ్మాయి చనిపోయిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సిలర్ ఒకరైనా ఉండాలి. మీ ఒక్క పాప కోసం అడుగుతున్నట్టు కాకుండా పేరెంట్స్ మీటింగులో పది మంది కలిసి అడిగితే ఇంకా మంచిది. వచ్చేలోపు, పాప ఏ టీచర్ దగ్గర మనసు విప్పుతుందో తననే అడిగి ఆవిడ పేరు కాగితంలో రాయించండి.

మీటింగుకి పాప రావాలా అన్నది పాపే చెప్పాలి. మావాడు లోపలికి రానన్నాడు. కానీ రాసిన కాగితం ముందురోజు రాత్రి వాడికి చూపించాం. ఒక వాక్యం కొట్టేశాడు: ముందు బెంచీలో కూర్చోబెట్టాలని మేం రాసింది. తలుపు దగ్గర బెంచీ కావాలన్నాడు, లేచి వెళ్తే ఎవరూ తిరిగి చూడకుండా. మాకు తట్టని సంగతి అది. మీ పాపకి కూడా అలాంటివి ఉంటాయి, కొట్టేయనివ్వండి, రాయనివ్వండి.

ఫ్రెండ్స్‌కి చెప్పడానికి తనకి నచ్చిన ఒక్క వాక్యం ముందే తయారుగా ఉంటే చాలు. 'హాస్పిటల్లో ఉన్నా, ఇప్పుడు తగ్గింది, ఎక్కువ మాట్లాడాలని లేదు.' అబద్ధం లేదు, ఏ వివరమూ లేదు. ఇంట్లో రెండు మూడుసార్లు అనిపించండి, గట్టిగా అడిగితే తడబడకుండా. ఎవరైనా ఒక్క స్నేహితురాలికి మొత్తం చెప్పాలనిపిస్తే అది తన ఇష్టం, మీరు ఆపొద్దు, తొందరపెట్టొద్దు.

డిసెంబర్‌లో స్పోర్ట్స్ డే, యాన్యువల్ డే ప్రాక్టీసులు మొదలవుతాయి కదా. డాన్స్‌లో ఉంటానంటే ఉండనివ్వండి, పిల్లకి అది కావాలి. కానీ ఎండలో గ్రౌండ్‌లో చెమట పోస్తూ ఎక్కువసేపు నిలబెట్టొద్దని, రాత్రి ఏడు తర్వాత రిహార్సల్ ఉంటే పంపించేయమని పీఈటీ సార్‌కీ, డాన్స్ మిస్‌కీ కూడా ఆ కాగితం కాపీ అందేలా చూడండి. క్లాస్ టీచర్‌కి ఇస్తే అందరికీ చేరుతుందనుకోవద్దు. లిథియం లెవెల్ రక్త పరీక్ష ఉన్న రోజు రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకి రక్తం తీయాలి, అంటే ఆ పొద్దున స్కూలుకి ఆలస్యం అవుతుంది. ఆ రోజుకి లేట్ పర్మిషన్ కూడా సోమవారమే అడిగేయండి.